బాకీ ఉన్నంత మాత్రాన రాత్రిపూట గడప ముందర కూర్చోవచ్చా?

అనంతపురం నుంచి ఒక చెల్లి రాసింది. పేరు వేయొద్దంది, అందుకే పేరు లేదు, వీధి గుర్తుపట్టే వివరాలు కూడా తీసేసినా. ఉత్తరం పొడుగ్గా ఉంది, విషయం పోకుండా కుదించి చెప్తా.

ఆమె ఇంట్లో మిషన్ కుడుతుంది, జాకెట్లు, చీరలకు ఫాల్స్, బడి యూనిఫాంలు. భర్త బాడుగ ఆటో తోలేవాడు. పాప ఇంటర్ రెండో సంవత్సరం, పిల్లోడు ఎనిమిదో క్లాసు. వీధిలో ఎనిమిది మంది ఆడోళ్లు కలిసి ఒక ఫైనాన్స్ కంపెనీలో గ్రూపు లోన్ తీసుకున్నారు, ఈమెకు వచ్చింది 70,000, నెలకు 3,700 లెక్కన 24 కంతులు. 12 కంతులు ఒక్కటి కూడా తప్పకుండా కట్టింది. ఆ తర్వాత ఆటో బోల్తా పడి భర్త కాలు విరిగింది, రాడ్డు వేసినారు, ఇంకా సరిగ్గా నడవలేడు. కుట్టుపనిలో నెలకు 7,000 వస్తే గొప్ప, అందులోనే ఇంటి బాడుగ, బియ్యం, మందులు. అట్ల 4 కంతులు నిలిచిపోయినాయి.

పోయిన నెల ఒకరోజు రాత్రి ఎనిమిదిన్నరకు కంపెనీ వాళ్లు ఇద్దరు, గ్రూపులో ఆడోళ్లను నలుగురిని వెంటబెట్టుకొని వచ్చి గడప ముందర కూర్చున్నారు, కట్టేదాకా లేచేది లేదన్నారు. వీధిలో జనమంతా బయటికొచ్చి చూస్తా ఉంటే ‘మెడలో తాళి ఉంది కదా, అది కుదవపెట్టి కట్టు’ అన్నారంట, ‘మిషన్ ఎత్తుకపోతాం’ అన్నారంట, పాపను చూసి అనకూడని మాట కూడా ఒకటి అన్నారు, ‘రేపు పోలీసులతో వస్తాం, నిన్ను లోపలేయిస్తాం’ అని చెప్పి పదింటికి పోయినారు. ఆ రోజు నుంచి పాప కాలేజీకి పోను అంటోంది.

ఇది కాక ఆపరేషన్‌కు తెలిసినాయన దగ్గర నూటికి మూడు వడ్డీకి 40,000 తెచ్చినారు, ఖాళీ ప్రోనోటు మీద సంతకం, ఒక చెక్కు ఇచ్చినారు. భర్త ఈమెకు చెప్పకుండా ఫోన్‌లో ఏదో లోన్ యాప్‌లో 8,000 పెట్టుకుంటే చేతికి వచ్చింది 5,200, వారం దాటగానే ఆటో స్టాండులో స్నేహితులకు, ఈమె అన్నకు, ఇంటి ఓనరుకు కూడా ఆయన ఫోటో మార్చి ‘వీడు దొంగ’ అని పంపినారు. ఆమె అడిగిన ప్రశ్నలు ఇవి: నన్ను జైల్లో వేస్తారా? తాళి అమ్మి కట్టేయమంటావా? మా ఆయన రాత్రికి రాత్రి బెంగళూరు పోదాం అంటున్నాడు, పోదామా? నీ చెల్లెలు అనుకొని చెప్పక్కా.

చెల్లీ, అన్నిటికన్నా ముందు నీ ఉత్తరం చివర్లో ఉన్న లైను గురించి మాట్లాడాలి. ‘పిల్లల మొహం చూసి ఆగుతున్నా గానీ ఒక్కోసారి ఇంక చాలు అనిపిస్తుంది’ అని రాసినావు. అది చదివి ఊరుకోలేను. ఆ ఆలోచన వచ్చినప్పుడు ఒక్కదానివే ఉండొద్దు, మీ అన్నకో పక్కింటామెకో నోరు తెరిచి చెప్పు, పగలైనా రాత్రైనా 14416కు ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపే నంబరు, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మీ ఆయన కూడా ఎవరితో మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకుంటున్నాడన్నావు, ఆయనకూ ఈ నంబరు ఇయ్యి. నీ లెక్కంతా కూడి చూసినా. గ్రూపు లోన్‌లో మిగిలిన 12 కంతులు 44,400, ప్రైవేటు బాకీ అసలు 40,000, యాప్ వాళ్లు అడిగేది 8,000, అన్నీ కలిపి లక్ష లోపే. నీకు ఈ రోజు అది కొండంత కనపడొచ్చు, కాదనను, కానీ మీ ఆయన కాలు బాగైతే రెండు మూడేళ్లలో తీరిపోయే బాకీ ఇది. అంతవరకు నిన్ను గౌరవంగా బతకనియ్యాలని చట్టం చెప్తోంది, ఆ చట్టం ఏందో చెప్తా విను.

జైలు సంగతి. లోన్ కంతు కట్టలేకపోవడం నేరం కాదు. అది సివిల్ వ్యవహారం, అంటే వాళ్లకు డబ్బు రావాలంటే కోర్టులో దావా వేసుకోవాలి, కోర్టు నిన్ను పిలిచి నీ మాట విని తీర్పు ఇయ్యాలి. పోలీసులు బాకీ వసూలు చేసేవాళ్లు కారు, లోన్ కట్టలేదని అరెస్టు చేసే అధికారం వాళ్లకు లేదు. కోర్టులో డిక్రీ, అంటే బాకీ కట్టమని తీర్పు, వచ్చిందే అనుకో, సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్ ప్రకారం డబ్బు బాకీ డిక్రీకి ఆడమనిషిని అరెస్టు చేసి సివిల్ జైల్లో పెట్టడానికే లేదు. మీ ఆయన విషయంలో కూడా, 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, ఉండి కూడా ఎగ్గొట్టేవాళ్లు వేరు, నిజంగా లేక కట్టలేనివాళ్లు వేరు, లేనివాళ్లను జైల్లో పెట్టకూడదని. అయితే రెండు చోట్ల జాగ్రత్త ఉండాలి. చెక్కు ఇచ్చి అది బౌన్స్ అయితే క్రిమినల్ కేసు అవుతుంది, బ్యాంకు ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా కంతు కట్ అయ్యేలా సంతకం పెట్టి అది బౌన్స్ అయినా అట్లాంటి కేసు వేయడానికి చట్టంలో వీలుంది. అందుకే ఆ ప్రైవేటు బాకీకి ఇచ్చిన చెక్కు గురించి కింద వేరేగా రాస్తా.

ఇప్పుడు ఆ రాత్రి జరిగిన దానికి వద్దాం. గ్రూపు లోన్లకు ఆర్‌బీఐ 2022 మార్చి 14న ఒక డైరెక్షన్ ఇచ్చింది, సంవత్సరానికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు తాకట్టు లేకుండా ఇచ్చే లోన్లన్నీ దాని కిందికే వస్తాయి, నీదీ అదే. అందులో ఉన్న మాట ప్రకారం పొద్దున 9 గంటలకు ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలు కోసం ఫోన్ కూడా చేయకూడదు, ఇంక ఎనిమిదిన్నరకు ఇంటి మీదికి వచ్చి కూర్చోవడం ఎక్కడి న్యాయం? మామూలు లోన్లకు టైము పొద్దున 8 నుంచి సాయంత్రం 7 దాకా, అది 2022 ఆగస్టు 12 సర్క్యులర్. టైము ఒక్కటే కాదు. తిట్టడం, బెదిరించడం, అదేపనిగా ఫోన్లు చేయడం, చుట్టాలను స్నేహితులను పనిచేసే చోట వాళ్లను సతాయించడం, బాకీదారుల పేర్లు నలుగురిలో వేయడం, కట్టకపోతే ఏమవుతుందో అబద్ధాలు చెప్పి భయపెట్టడం, ఇవన్నీ కుదరవని రాసి ఉంది. ‘లోపలేయిస్తాం’ అన్న ఆ మాట ఈ చివరి దాని కిందికే వస్తుంది. పైగా ఈ పనులు చేసింది కంపెనీ స్టాఫా, బయట పెట్టుకున్న ఏజెంటా అన్నది నీకు అనవసరం, ఎవరు చేసినా బాధ్యత కంపెనీదే.

నిజం కూడా చెప్పాలి కదా, ఇంటికి రావడమే తప్పని అనుకోవద్దు. మామూలుగా అయితే ఇద్దరూ ఒప్పుకున్న చోట, అంటే మీ మీటింగు జరిగే ఇంటి దగ్గరే కంతు తీసుకోవాలి, కానీ వరసగా రెండుసార్లో అంతకు మించో నువ్వు ఆడికి రాకపోతే వాళ్లు ఇంటికి వచ్చి అడగొచ్చని అదే రూల్‌లో ఉంది. నీకు నాలుగు కంతులు ఆగినాయి. నువ్వు ఆ మీటింగులకు కూడా పోలేదని నీ ఉత్తరం చూస్తే అర్థమైతోంది, సిగ్గుతో పోలేదు, నాకు తెలుసు. కానీ ఇంక నుంచి డబ్బు లేకున్నా మీటింగుకు పో. పోయి నిలబడి ‘ఈ నెల ఇంతే ఉంది, మిగతాది తర్వాత’ అని చెప్పి, ఉన్నది కట్టి రసీదు తీసుకో. నువ్వు ఆడ కనపడితే ఇంటికి వచ్చే సాకు వాళ్లకు తగ్గుతుంది. వచ్చినా పగటిపూట రావాలి, మర్యాదగా మాట్లాడాలి, ఏజెంటు అయితే ఐడీ కార్డు, కంపెనీ ఇచ్చిన ఆథరైజేషన్ లెటరు చూపించాలి, అడిగి పోవాలి. చూపించమని నువ్వు అడగొచ్చు, గట్టిగా అరవక్కర్లేదు, ‘కార్డు చూపించండి సార్, ఫోటో తీసుకుంటా’ అంటే చాలు, సగం మంది గొంతు అక్కడే తగ్గిపోతుంది.

ఇంకో మాట, ఆ రోజు వచ్చిన నలుగురు ఆడోళ్ల మీద నీకు చాలా కోపం ఉంది, ‘పండక్కి జాకెట్లు కుట్టిచ్చినవాళ్లే నన్ను బజారుకీడ్చినారు’ అని రాసినావు. ఆ కోపం నాకు అర్థమైతుంది. కానీ వాళ్ల పరిస్థితి చూడు, నువ్వు కట్టకపోతే మీ కంతు కూడా తీసుకోం, మీకు మళ్లీ లోన్ రాదు అని వాళ్లను ముందే బెదిరించి ఉంటారు, మీరంతా ఒకరికొకరు జామీను అని సంతకాలు పెట్టినారు కాబట్టి వాళ్లకూ భయం ఉంది. నీ తరఫున ఎవరైనా ఒకటీ రెండు కంతులు కట్టి ఉంటే ఆ డబ్బు వాళ్లకు నువ్వు బాకీ, అది మాత్రం ఎగ్గొట్టొద్దు, నెలకు 300 అయినా ఇచ్చుకుంటూ రా. ఒక మధ్యాహ్నం గ్రూపు లీడరు ఇంటికి పోయి డాక్టరు కాగితాలు చూపించి మాట్లాడు. ఈ రోజు నీకు జరిగింది రేపు ఆ ఎనిమిది మందిలో ఎవరికైనా జరగొచ్చు, ఆ సంగతి వాళ్లకూ తెలుసు, ‘రాత్రిపూట ఎవరింటి మీదికి పోవాలన్నా మేం రాం సార్’ అని వాళ్లు నలుగురూ ఒక్క మాట మీద ఉంటే కంపెనీ వాళ్లకు ఆ రాత్రి పని జరగదు. కంప్లయింట్ ఇస్తే సాక్షులు కూడా వాళ్లే కావాలి నీకు.

2010 సంగతి కొందరికి గుర్తుండొచ్చు, ఉమ్మడి రాష్ట్రంలో ఇట్లనే గ్రూపు లోన్ల వసూళ్లు హద్దు మీరితే అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సే తేవాల్సి వచ్చింది, దేశమంతా దాని గురించి మాట్లాడింది, ఆ తర్వాతే మైక్రోఫైనాన్స్‌కు, అంటే ఇట్లాంటి చిన్న లోన్లకు, ఆర్‌బీఐ వేరే రూల్స్ రాయడం మొదలైంది. మన ఆడోళ్లు పడిన కష్టంలోంచి వచ్చిన రూల్స్ ఇవి, వాడుకోవడానికి మొహమాట పడొద్దు.

తాళి సంగతి. డిక్రీ పట్టుకొని జప్తుకు వచ్చే కోర్టు ఉద్యోగి, అమీనా, వచ్చినా ఆడమనిషి మెడలో నుంచి ఆచారం ప్రకారం తీయకూడని నగ తీసుకోవడానికి లేదు, సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లో ఆ మాట రాసి ఉంది. వంట గిన్నెలు, పరుపులు, కట్టుకునే బట్టలు, పనివాళ్ల పనిముట్లు కూడా జప్తు చేయకూడదు. నీ కుట్టుమిషన్ నీ పనిముట్టు. కోర్టుకే లేని హక్కు ఒక ఫీల్డ్ ఆఫీసరుకు యాడ నుంచి వస్తుంది? మిషన్ మీద చెయ్యి వేస్తే అది దొంగతనం, గట్టిగా అరిచి 112కు ఫోన్ చెయ్యి. ఇంక నువ్వే అమ్మి కట్టాలా అన్నది నీ ఇష్టం, బంగారం కుదవపెట్టి బాకీ తీర్చుకున్నవాళ్లను నేను తప్పు పట్టను, కానీ లెక్క చూడు. ఈ రోజు తాళి అమ్మి 14,800 కట్టేస్తావు, సంతోషం, వచ్చే నెల మళ్లా 3,700 కావాలి, నీ ఆదాయం ఆ 7,000 నుంచి పెరగలేదు, అప్పుడేం అమ్ముతావు? భయంతో ఒక రాత్రిలో తీసుకునే నిర్ణయం కాకుండా, మిగతా దారులు చూసినాక అప్పటికీ అదే సరి అనిపిస్తే అప్పుడు చెయ్యి.

దారులు ఏమున్నాయంటే, ముందు కంపెనీకి కాగితం మీద రాయడం. కట్టడంలో ఇబ్బంది పడేవాళ్లను గుర్తించి, వాళ్లతో మాట్లాడి, ఏ దారులున్నాయో చెప్పే ఏర్పాటు ప్రతి కంపెనీలో ఉండాలని ఆ 2022 డైరెక్షన్‌లోనే ఉంది, ఇది చాలామందికి తెలీదు, కంపెనీ వాళ్లు చెప్పరు. నీ లోన్ కార్డు తీసి చూడు, మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి, అందులో ఫిర్యాదు చేయడానికి నోడల్ ఆఫీసరు పేరు, ఫోన్ నంబరు రాసి ఉండాలి. ఆయనకు రాయి. పెద్ద ఇంగ్లీషు అక్కర్లేదు. ‘నేను ఫలానా లోన్ నంబరు, 12 కంతులు సక్రమంగా కట్టినా, నా భర్తకు ప్రమాదం జరిగి ఆదాయం పోయింది, డాక్టరు కాగితాలు జతచేసినా, ఆరు నెలలు నెలకు 1,500 కట్టగలను, ఆ తర్వాత కంతు తగ్గించి గడువు పెంచమని కోరుతున్నా. ఫలానా తేదీ రాత్రి ఎనిమిదిన్నరకు మీ మనుషులు ఇంటికి వచ్చి ఫలానా మాటలు అన్నారు, అది మళ్లీ జరగకుండా చూడమని, వాళ్ల మీద చర్య తీసుకోమని కోరుతున్నా.’ ఇంతే. స్పీడ్ పోస్టులో పంపు, రసీదు పారేయొద్దు, కాపీ ఇంట్లో పెట్టుకో.

గడువు పెంచితే కంతు చిన్నదవుతుంది కానీ మొత్తం మీద వడ్డీ ఎక్కువ కడతావు, అది తెలిసే ఒప్పుకో. ఒప్పుకోవాల్సిందే అని కంపెనీ మీద బలవంతం లేదు, కాదనొచ్చు కూడా. అప్పుడు కూడా నెలకు 1,000, 1,500 కట్టడం ఆపొద్దు, బాకీ రికార్డులో లేటు అనే పడుతుంది, కానీ రేపు ఎవరి ముందర నిలబడినా నీకు ఎగ్గొట్టే ఉద్దేశం లేదనడానికి ఆ రసీదులే సాక్ష్యం. ఒకేసారి ఇంత కట్టు, మిగతాది మాఫీ అని సెటిల్‌మెంట్ అంటే, ముందు ఆ మాట కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసి ఇచ్చినాకే కట్టు, కట్టినాక ఇంక బాకీ లేదని నో డ్యూ సర్టిఫికెట్ తీసుకో. సెటిల్‌మెంట్ చేసుకుంటే క్రెడిట్ రికార్డులో ‘పూర్తిగా కట్టింది’ అని కాకుండా ‘సెటిల్ చేసుకుంది’ అని పడుతుంది, కొన్నేళ్లు కొత్త లోన్ రావడం కష్టమవుతుంది. అది అసలు వద్దనడం లేదు, పాప చదువుకు బ్యాంకు లోన్ కావాలనుకుంటే ఆలోచించుకోమంటున్నా.

జరిమానా పేరుతో ఎక్కువ అడుగుతున్నారా చూడు, నీ ఉత్తరంలో ‘ఫైన్ 6,000 అన్నారు’ అని ఒక ముక్క ఉంది. గ్రూపు లోన్‌లో లేటు జరిమానా ఆగిన కంతుల మీద మాత్రమే వేయాలి, అంటే ఆ 14,800 మీద, మిగిలిన లోన్ మొత్తం మీద కాదు. 2023 ఆగస్టు 18 సర్క్యులర్ ప్రకారం ఆ జరిమానాను అసలులో కలిపి దాని మీద మళ్లా వడ్డీ వేయకూడదు కూడా. ఆ 6,000కు లెక్క రాసి ఇమ్మను. రాసి ఇయ్యమంటే చాలాసార్లు ఆ అంకె తగ్గుతుంది.

కంపెనీకి రాసి 30 రోజులైనా జవాబు లేకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు, అంటే ఇట్లాంటి కంపెనీల మీద ఫిర్యాదులు వినే అధికారికి, పోవచ్చు. ఫీజు లేదు. సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్‌లో పాప చేతనైనా వేయించొచ్చు, లేదా కాగితం మీద రాసి చండీగఢ్‌లో ఆర్‌బీఐ పెట్టిన సెంటరుకు పోస్టులో పంపొచ్చు, అడ్రసు కోసం 14448కు ఫోన్ చెయ్యి. లాయరు ద్వారా వేస్తే తీసుకోరు, నీ పేరు మీదే వేయాలి. పోలీసు కంప్లయింట్ ఇచ్చినంత మాత్రాన ఇది ఆగిపోదు, రెండూ చేయొచ్చు. ఇట్లాంటి వేధింపుకు, మనసుకు కలిగిన బాధకు పరిహారం ఇప్పించే అధికారం అంబుడ్స్‌మన్‌కు ఉంది, అయితే చాలా చిన్న ఫైనాన్స్ కంపెనీలు కొన్ని ఆ స్కీమ్ కిందికి రావు, అది 14448 వాళ్లనే అడుగు. ఇది నిదానంగా జరిగే పని, రేపు రాత్రి వచ్చే మనిషిని ఆపదు.

రేపు రాత్రి వస్తే ఏం చేయాలి అంటే, తలుపు తీయాల్సిన పని లేదు. కిటికీలోంచి ‘ఆరు దాటింది, పగలు రండి’ అని చెప్పి ఫోన్‌లో వీడియో ఆన్ చెయ్యి, పోకపోతే 112. ఒక నోటుబుక్కు పెట్టుకో, ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏమన్నారు, ఎవరు విన్నారు, అంతా రాయి, ఫోన్ కాల్స్ రికార్డు చెయ్యి. స్టేషన్‌కు పోతే ‘ఇది సివిల్ మ్యాటర్ అమ్మా, కట్టేయొచ్చు కదా’ అని పంపించేస్తారు, చాలామందికి జరిగేది ఇదే. అందుకే పోయినప్పుడు లోన్ కథ మొదటి నుంచి చెప్పొద్దు. ‘బాకీ గురించి రాలేదు సార్, రాత్రిపూట ఇంటి మీదికి వచ్చి బెదిరించి నా బిడ్డను అనరాని మాట అన్నారు, దాని గురించి వచ్చినా’ అని మొదలుపెట్టు. 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో బెదిరింపు సెక్షన్ 351, కావాలని అవమానించడం 352, ఇంట్లోకి అక్రమంగా చొరబడటం 329, ఆడవాళ్ల మర్యాదకు భంగం కలిగేలా మాట్లాడటం 79. ఆ నంబర్లు కాగితంలో రాయి. పాపకు 18 నిండకపోతే, ఆ మాటను బట్టి పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, కూడా వర్తించొచ్చు, ఆ మాట ఏందో అట్లాగే రాయాల్సి వస్తుంది, పాపతో ముందు మాట్లాడి, ఆమె సరే అంటేనే ఆ దారిలో పో. స్టేషన్‌లో తీసుకోకపోతే సోమవారం ఎస్పీ ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు, ఆడ ఇయ్యి, రసీదు అడుగు. కంప్లయింట్ ఇస్తే కంపెనీ వాళ్లకు కోపం వచ్చి దావా వేస్తారేమో అని భయపడుతున్నావేమో. వేయొచ్చు. వేస్తే వేయనీ, కోర్టులో నీకు వాయిదా ఉంటుంది, మాట్లాడే అవకాశం ఉంటుంది, గడప ముందర ఆ రాత్రి అది లేదు.

కోర్టు ఖర్చు గురించి దిగులు వద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుందని 1987 న్యాయ సేవాధికార చట్టంలోనే ఉంది. అనంతపురం కోర్టు కాంప్లెక్సులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు పోయి అడిగితే లాయరును ఇస్తారు, ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే 15100. లోక్ అదాలత్ నోటీసు వస్తే చాలామంది అరెస్టు వారెంటు అనుకొని దాక్కుంటారు, అది రాజీకి పిలుపు, పో. కానీ ఆడ ఒప్పుకున్న రాజీ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, కాబట్టి జడ్జి ముందర బెదిరిపోయి కట్టలేని అంకెకు సంతకం పెట్టొద్దు, ‘నెలకు ఇంతే అవుతుంది సార్’ అని చెప్పే ధైర్యం అక్కడ చూపించు.

యాప్ సంగతి వేరు, దీనికి భయపడి ఒక్క రూపాయి కూడా తొందరపడి కట్టొద్దు. ముందు ఆ యాప్ ఆర్‌బీఐ వెబ్‌సైట్లో పెట్టిన డిజిటల్ లెండింగ్ యాప్‌ల జాబితాలో ఉందో లేదో పాపతో చూపించు, 2025 జులై నుంచి ఆ జాబితా అందరికీ కనపడుతోంది. జాబితాలో ఉండి, వెనక నిజమైన కంపెనీ ఉంటే అది బాకీనే, కంపెనీ ఖాతాకు మాత్రమే కట్టాలి, ఈ ఫోటోల సంగతి మీద ఫిర్యాదు వేరేగా చేయాలి. లేకపోతే, 8,000కు 5,200 చేతికిచ్చి వారంలో అడుగుతున్నారంటే లేకపోవడానికే అవకాశం ఎక్కువ, వాళ్లు దొంగలు. సక్రమమైన యాప్ ఏదీ ఫోన్‌లో కాంటాక్టులు, ఫోటోలు, కాల్ లిస్టు తీసుకోకూడదని ఆర్‌బీఐ రూల్, వీళ్లు తీసుకున్నారు. ఇట్లాంటివాళ్లకు కడితే ఆగుతారా అంటే ఆగరు, కట్టే మనిషి దొరికినాడని ఇంకో లింకు, ఇంకో అంకె పంపుతారు. మెసేజీలు, నంబర్లు, యూపీఐ ఐడీలు అన్నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాక యాప్ తీసేయండి. సైబర్ నేరాల నంబరు 1930కు ఫోన్ చేసి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కంప్లయింట్ పెట్టండి. కట్టకపోతే కొన్నాళ్లు ఫోన్లు, బూతులు ఇంకా ఎక్కువ కావచ్చు, అది ముందే తెలిసి ఉండాలి. అందుకే మీ ఆయన చేత ఆయన కాంటాక్టులందరికీ ఒక మెసేజ్ పెట్టించు: ‘నా ఫోన్ నుంచి నంబర్లు దొంగిలించి నా ఫోటో మార్చి పంపుతున్నారు, పోలీస్ కంప్లయింట్ ఇచ్చినా, దయచేసి వాటిని ఎవరికీ పంపొద్దు, ఆ నంబర్లు బ్లాక్ చేయండి.’ మీ అన్న, ఆటో స్టాండు వాళ్లు, ఇంటి ఓనరు, అందరూ ఇప్పుడు ఇట్లాంటివి వినే ఉన్నారు, ఆయన అనుకుంటున్నంత చెడ్డగా ఎవరూ అనుకోవడం లేదు. నీకు చెప్పకుండా తీసుకున్నాడని ఆయన మీద నీకు కోపం ఉంది, ఉండొద్దనను, కానీ మందులకే తీసుకున్నాడని నువ్వే రాసినావు, ఈ ఒక్క విషయం మీద ఇంట్లో మాటలు ఆగిపోనివ్వద్దు.

ఆ తెలిసినాయన బాకీ. ఆర్‌బీఐ రూల్స్ ప్రైవేటు మనిషికి వర్తించవు, బెదిరిస్తే పోలీసు చట్టం మాత్రం వర్తిస్తుంది. ఆయన ఇప్పటిదాకా మర్యాదగానే ఉన్నాడన్నావు, ఆ మర్యాద ఉన్నప్పుడే పోయి ఖాళీ ప్రోనోటులో అసలు, వడ్డీ, తేదీ ఇద్దరి ముందర రాయించి ఫోటో తీసుకో, ఖాళీగా ఉంటే ఏ అంకె రాసుకున్నా నీకు కష్టమే. కట్టిన ప్రతిసారీ ప్రోనోటు వెనక చెల్లు రాయించు. ఆయన చెక్కు బ్యాంకులో వేసి బౌన్స్ అయి లాయరు నోటీసు వస్తే మాత్రం అది పక్కన పడేసే కాగితం కాదు, అందిన 15 రోజుల్లో కట్టాలి, లేకపోతే కేసు వేయొచ్చు, ఆ నోటీసు వచ్చిన రోజే న్యాయ సేవాధికార సంస్థకు పో. నూటికి మూడు అంటే సంవత్సరానికి 36, నెలకు 1,200 వడ్డీకే పోతోంది. నువ్వు డ్వాక్రా సంఘంలో ఉంటే, సంఘం ద్వారా తక్కువ వడ్డీకి వచ్చే లోన్‌తో ముందు దీన్ని తీర్చడం మంచిది. కానీ ఇంకో గ్రూపు లోన్ తీసి ఇది తీర్చడం, దానికోసం ఇంకో యాప్, ఆ దారిలో పోవద్దు, ఎవరు వచ్చి చెప్పినా.

బెంగళూరు. మీ ఆయన బాధ అర్థమైంది, మన జిల్లాలో సగం మందికి కష్టం వస్తే మొదట గుర్తొచ్చే ఊరు అదే. పని కోసం పోవడం వేరు, రాత్రికి రాత్రి పారిపోవడం వేరు. చెప్పకుండా పోతే మొదట నష్టపోయేది ఆ ఏడుగురు ఆడోళ్లు, నీ జామీను వాళ్ల మీద పడుతుంది. రేపు దావా పడితే నోటీసు నీకు అందదు, నువ్వు లేకుండానే తీర్పు వస్తుంది, పరారీలో ఉంది అన్న మాట నిజమైపోతుంది. పాప ఇంటర్ పరీక్షల ముందర కాలేజీ మారడం ఇంకో నష్టం. ఆయన కాలు నయమైనాక నిజంగా ఆడ పని దొరికితే, కంపెనీకి కొత్త అడ్రసు రాసి ఇచ్చి, గ్రూపులో చెప్పి, పగటిపూట బస్సెక్కి పోండి.

పాప గురించి చివర్లో రాస్తున్నా కానీ ఈ వారం మొదట చేయాల్సింది అదే. కాలేజీకి తోడు పో, రెండు మూడు రోజులు. వీధిలో ఎవరైనా అడిగితే ‘బాకీ ఉంది, కడతాం, ఆ రోజు వాళ్లు మాట్లాడింది తప్పు, కంప్లయింట్ ఇచ్చినాం’ అని పాప ముందరే చెప్పు, గొంతు తగ్గించకుండా. ఆ తర్వాత లోన్ కార్డు వెతుకు, నోడల్ ఆఫీసరు నంబరు అందులో లేకపోతే అది కూడా ఫిర్యాదులో రాయి. కంపెనీకి పంపిన కాగితం ఫోటో, వాళ్లు ఇచ్చిన జవాబు నాకు పంపు, జవాబే రాకపోతే అది కూడా చెప్పు, అంబుడ్స్‌మన్‌కు ఎట్ల రాయాలో ఇద్దరం కలిసి రాసుకుందాం.